తాడు వచ్చాకే కేక

మా రేవులో ఒక మాట ఉంది: తాడు పట్టనివాడికి వాటా లేదు. అలివి వల ఒడ్డుకి చేరాక చేపల్ని ఇసుక మీద కుప్పలు పెడతారు. ఎంత దగ్గరి చుట్టమైనా, ఎంత పెద్దమనిషైనా, తాడు మీద చెయ్యి వెయ్యకపోతే అతని పేరున కుప్ప పడదు. ఆ మాట వింటూ పెరిగినదాన్ని. అందుకే గుడివాడలో ఎంసీఏ ఆఖరి సెమిస్టర్లో మా క్లాసులో సగానికి పైగా హైదరాబాదు వెళ్లి ప్రాజెక్టులు కొనుక్కొస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఒకే హాస్పిటల్ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టు మూడు రంగుల అట్టల్లో ముగ్గురి చేతుల్లో ఉండేది. ఒకమ్మాయి పుస్తకంలో కృతజ్ఞతల పేజీ మార్చడం మర్చిపోయారు. ఎవరో ముక్కూమొహం తెలియని అబ్బాయి తన మేనమామకి కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది. అక్కడి నుంచి నోట్లోకి దిగడానికి ఎంతసేపు? మా గైడ్ సారు టైటిల్ ఏం రాసుకోమంటావని అడిగినప్పుడు, కొన్న ప్రాజెక్టు నాకొద్దండి, మా నాన్న పాటని కంప్యూటర్లో కడతాను అనేశాను. అప్పటికి అది ఎలా చెయ్యాలో నాకు తెలియదు.

ముందు పాట సంగతి చెప్పాలి. నాగాయలంక దాటి ఇంకా కిందికి, ఏరు సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో మా ఊరు. అలివి వలని పడవలో తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రాకారంగా దించుతారు. దాని రెండు తాళ్ల కొసలూ ఒడ్డుకి తెస్తారు. రెండు జట్లు చెరో తాడూ పట్టుకుని లాగుతాయి. మా నాన్న పాట చెప్పే మనిషి. ఆయన ఒక కేక వేస్తే రెండు జట్లూ జవాబు చెప్తూ లాగుతాయి. ఆ కేకకి రాసిపెట్టిన మాటలేమీ ఉండవు. ఎవరు బద్ధకంగా లాగుతుంటే వాళ్లని తిట్టడమే సాహిత్యం. కొత్తగా పెళ్లైనవాడు జట్టులో ఉన్నాడంటే ఆ రోజు వాడి పని అయిపోయినట్టే. పాట చెప్పినవాడికి వాటాన్నర ఇస్తారు. తాడు లాగినందుకు ఒక వాటా, పాటకి అరవాటా.

ఆడవాళ్లు మాత్రం తాడు ముట్టుకోరు. వల ఒడ్డుకొచ్చాక బుట్టలతో దిగేది మేమే, చేపలు ఏరేదీ అమ్మేదీ మేమే. తాడు దగ్గరికి మాత్రం రాకూడదు. ఎందుకని చిన్నప్పుడు ఒకసారి అడిగాను. ముట్టుకోరంతే అన్నారు. కాబట్టి ఆ పాటని నేను పుట్టినప్పటి నుంచీ ఇసుకదిబ్బ మీద కూర్చుని, దూరం నుంచే విన్నాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత నా కొంప ముంచింది ఇదే.

మా సారు మంచివాడు, కానీ భయస్తుడు. ఏమ్మా, బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌కి డేటాబేస్ చూపించాలి, రిపోర్టులు చూపించాలి, చేపలవాళ్ల పాట చూపిస్తే ఆయన ఏమంటాడు అని నసిగాడు. చూపించనండి, వినిపిస్తాను అన్నాను. చివరికి సంతకం పెట్టాడు గానీ ఒక షరతు పెట్టాడు. ఎగ్జామినర్ ఒప్పుకోకపోతే తను మధ్యలో కలగజేసుకోనని, మళ్లీ ఆరు నెలల తర్వాత రావాల్సిందేనని. సరేనన్నాను. అసలు ఇబ్బంది సారుతో కాదు, మా నాన్నతో. ఈ సంగతి ఇంట్లో చెప్పిన మర్నాటికల్లా ఆయన రేవంతా చాటేశాడు. చేపలు వేలం పాడుకునేవాళ్లకి, టీ కొట్టువాడికి, అవనిగడ్డ బస్సు కండక్టర్‌కి కూడా తెలిసిపోయింది, మా అమ్మాయి మన పాటని కంప్యూటర్లో ఎక్కిస్తోందని. మా ఊరి నుంచి అంత చదువు చదివిన మొదటి ఆడపిల్లని. నేను తప్పితే ఆరు నెలలు పోవడం ఒక్కటే కాదు, ఆయన తల ఎత్తుకుని రేవులో తిరగలేడు. ఆ బరువు మోస్తూ మొదలుపెట్టాను.

పాటని ఉన్నదున్నట్టు టేపులో పట్టెయ్యొచ్చు కదా అని మీరు అడగొచ్చు. ఒడ్డున గాలీ అలల హోరూ తప్ప టేపులో ఇంకేమీ పడదు. పైగా అప్పటికే మా వాళ్లు చాలామంది బందరు వైపు మరబోట్ల మీదికి వెళ్లిపోయారు. నా చిన్నతనంలో రెండు తాళ్ల మీదా కలిపి నలభై మంది ఉండేవారు. ఇప్పుడు వల లాగే రోజున పద్దెనిమిది మంది దొరికితే గొప్ప. నేను కట్టాలనుకున్నది ఆ నలభై మంది పాట.

ఆఖరి సెమిస్టర్లో క్లాసులుండవు కాబట్టి బందరులో పిన్ని ఇంట్లో ఉండేదాన్ని. బస్టాండు దగ్గర ఒక ఆవిడ కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. మధ్యాహ్నం భోజనాల వేళకి ఎవరూ ఉండరు కాబట్టి ఆ వేళల్లో నన్ను ఒక సిస్టమ్ వాడుకోనిచ్చేవారు. ఒక కంప్యూటర్ పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీ ఆవిడ దగ్గర పడి ఉంది. అందులో దొరికింది ఆ ప్రోగ్రాం. తెరిస్తే ఖాళీ తెల్ల కిటికీ. దాన్లో చిన్న చిన్న పెట్టెలు పెట్టుకోవాలి. ఒక పెట్టె శబ్దాన్ని చదువుతుంది, ఒకటి పెంచుతుంది, ఒకటి కాస్త ఆలస్యం చేస్తుంది. ఒక పెట్టె అడుగు నుంచి ఇంకో పెట్టె నెత్తికి తీగ లాగితే శబ్దం ఆ దారిన వెళ్తుంది. కోడ్ రాయడం కాదు, అల్లడం. మూడేళ్లు ఎంసీఏ చదివి నేను ప్రేమించిన మొదటి ప్రోగ్రాం అదే. వల బాగు చేసే ఇంట్లో పుట్టినదాన్ని, తీగలు చూస్తే నాకు చేతులు ఆగవు.

గొంతుల కోసం ఊరెళ్లాను. నాన్నా, ఇంకో ఆరుగురూ మా ఇంట్లోనే కూర్చున్నారు. గాలి రాకుండా తలుపులు మూసి టేప్‌రికార్డర్ నొక్కాను. నాన్న కేక వేశాడు. ఆరుగురిలో ఒక్కరి నోటా జవాబు రాలేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటున్నారు. సముద్రాన్ని తిట్టగలిగిన మొగాళ్లు మా అమ్మ వంటింట్లోంచి వింటోందని సిగ్గుపడుతున్నారు. అరగంటయ్యాక వాళ్లలో పెద్దాయన, జట్టు పెద్ద, అసలు కారణం చెప్పాడు. చేతిలో తాడు లేకుండా నోరు ఎలా తిరుగుతుందమ్మా అన్నాడు. నాన్న వెళ్లి పాత తాడు తెచ్చి మా పంచలో రాటకి కట్టాడు. ఆరుగురూ దాన్ని పట్టుకుని లాగుతూ జవాబు చెప్పారు. గొంతులు బ్రహ్మాండంగా వచ్చాయి. పంచ రాట జానెడు పక్కకి ఒరిగింది. మా అమ్మ ఆ సాయంత్రం పెట్టిన తిట్లు కూడా టేపులో ఉన్నాయి, వాటిని వాడలేదు.

నేను గుమ్మంలో నిలబడి, చేతి గడియారం చూసి, కేకకీ కేకకీ మధ్య ఎన్ని సెకన్లో రాసుకున్నాను. ఇంచుమించు అన్నీ నాలుగే. ఎంత కచ్చితంగా చెప్తాడు మా నాన్న అని మురిసిపోయాను.

బందరు వచ్చి అల్లడం మొదలుపెట్టాను. ఒక పెట్టె గడియారం చూస్తుంది. నాలుగు సెకన్లు దాటగానే నాన్న గొంతుకి తీగ మీద కబురు పంపుతుంది. కేక అయ్యాక జవాబులు. ఆరు గొంతుల్ని కాస్త హెచ్చించి, కాస్త తగ్గించి, ఒకటి రవ్వంత ముందూ ఒకటి వెనకా పెడితే పన్నెండు గొంతులయ్యాయి. అక్కడి దాకా బాగానే పలికింది. ఇరవై చెయ్యగానే స్పీకర్లో మంగలంలో పేలాలు వేగినట్టు చిటపటలు. నలభైకి పాటే లేదు, అన్నీ పేలాలే.

కారణం అర్థం చేసుకోవడానికి వారం పట్టింది. అప్పటికప్పుడు వినిపించాలంటే కంప్యూటర్ పని దోసెల హోటల్ లాంటిది. పెనం మీంచి తీసిన దోసె తీసినట్టు వడ్డించాలి. పన్నెండు మందైతే వడ్డిస్తుంది. నలభై మంది ఒక్కసారి కూర్చుంటే ఒక దోసెకీ ఇంకో దోసెకీ మధ్య విస్తరి ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీయే చిటపట. ఆ సెంటర్లో ఉన్న సిస్టమ్ నలభై గొంతుల్ని ఆ వేగంతో వడ్డించలేదు, అంతే. అయితే ప్రోగ్రాంతో వచ్చిన సూచనల్లో ఒక మూల ఇంకో దారి రాసి ఉంది. పెళ్లి వంటలాగా ముందే వండి పెట్టడం. ఒక చిన్న మాట చేర్చి ప్రోగ్రాంని మొదలుపెడితే అది స్పీకర్ జోలికి పోదు. ఎవరికీ వినిపించదు. తనకి చేతనైన వేగంతో శబ్దాన్ని లెక్క కట్టి ఫైల్లోకి రాసుకుంటూ పోతుంది. అంతా అయ్యాక మామూలు పాట పెట్టుకున్నట్టు ఆ ఫైలు పెట్టుకుని వినొచ్చు.

ఆరు నిమిషాల పాట వండమని చెప్పి కూర్చున్నాను. నల్ల కిటికీ తప్ప తెర మీద ఏమీ లేదు. చప్పుడు లేదు. ఇరవై నాలుగు నిమిషాలు పట్టింది. కరెంటు పోతుందేమోనని తిరుగుతున్న ఫ్యాన్‌కేసి చూస్తూ కూర్చున్నాను. సెంటర్ ఆవిడ కూడా భోజనం డబ్బా మూసి నా వెనక వచ్చి నిలబడ్డారు. ఫైలు నొక్కాను.

చిటపటలు లేవు. కానీ పాట కూడా లేదు. నాన్న ఒక కేక వేస్తాడు, జవాబు మొదలవుతుంది, అది సగంలో ఉండగానే ఇంకో కేక, దాని మీద మూడోది. నలభై మంది గొంతులు ఒకదాని మీద ఒకటి పడి, చేపల మార్కెట్లో తగువులాగా ఉంది. ఆవిడ మొహమాటానికి, బాగుందమ్మా, మీ వైపు పాటలు ఇలాగే ఉంటాయా అన్నారు.

ఆ ఫైల్ని నమ్మక, అదే ప్రోగ్రాంని ఫ్లాపీలో, గొంతుల్ని సీడీలో పట్టుకుని గుడివాడ వెళ్లి కాలేజీ ల్యాబ్‌లో వండాను. అక్కడి సిస్టమ్ కొత్తది. పన్నెండు నిమిషాల్లో అయిపోయింది. ఆ పాట ఇంకోలా తప్పు. కేకలు ఇక్కడ కాస్త దూరం జరిగాయి గానీ ఇంకా తొందరే. ఒకే ప్రోగ్రాం, ఒకే గొంతులు, రెండు ఊళ్లలో రెండు పాటలు. ఇంకో వింత ఏమిటంటే బందరు సిస్టమ్ నెమ్మది, పాట మరీ తొందర. గుడివాడ సిస్టమ్ చురుకు, పాట కాస్త నెమ్మది. వైరస్ అన్నాడు ల్యాబ్ అసిస్టెంటు. మా సారు పరీక్షకి ఇంకా పది రోజులుంది, కావాలంటే హైదరాబాదులో తనకి తెలిసినవాళ్లున్నారని మెల్లగా అన్నాడు. ఆయన నా మంచికే అన్నాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది, ఏడవలేదు, బస్టాండుకి వచ్చేశాను.

బందరు ఫైల్ని క్యాసెట్టులోకి ఎక్కించుకుని ఇంటికి వెళ్లాను. నాన్నకి నిజం చెప్పేద్దామనుకున్నాను. ఆయన పంచలో వల బాగు చేసుకుంటున్నాడు. టేప్‌రికార్డర్ పక్కన పెట్టి వినిపించాను. చేతిలో పని ఆపకుండా విన్నాడు. మొదట గొంతులన్నీ విని మొహం విప్పారింది, నలభై మంది తిరిగొచ్చారని. తర్వాత మొహం చిట్లించాడు. పూర్తిగా వినకుండానే ఆపేశాడు.

"వీడెవడో తాడు రాకముందే కేకేస్తున్నాడమ్మా," అన్నాడు. "తాడు రాందే మళ్లీ కేకేస్తే జట్టు నడుం పడిపోయిద్ది."

వీడెవడో కాదు నాన్నా, నువ్వే అన్నాను. నా గొంతైతే అయ్యుండొచ్చు, నేను మాత్రం కాదు అన్నాడు. నాకు పౌరుషం వచ్చింది. గడియారం పెట్టి కొలిచానని, కేకకీ కేకకీ నాలుగు సెకన్లని, కాగితం తెచ్చి చూపించాను. ఆయన కాగితం చూడలేదు. పంచ రాటకేసి చూశాడు, అది ఇంకా ఒరిగే ఉంది.

"అది రాటకి కట్టిన తాడు. రాట ఎక్కడికొచ్చుద్ది? ఊరికే లెక్కపెట్టుకుని అరిచాం. సముద్రంలో తాడు అట్టా ఉంటదా?"

మరి ఎలా ఉంటుంది అని అడిగాను. చెప్పడం మొదలుపెట్టి, రెండు మాటలు చెప్పి ఆగిపోయాడు. లేచి వీధి గుమ్మం వైపు ఒకసారి చూశాడు. పాత తాడు తెచ్చి ఒక కొస నా చేతిలో పెట్టాడు. నేను వెనక్కి తీసుకోబోయాను. ఫర్వాలేదు పట్టుకో, నేను సముద్రాన్ని అన్నాడు. రెండో కొస నడుముకి చుట్టుకుని పెరడు చివరికి వెళ్లి నిలబడ్డాడు. మా అమ్మ వంటింటి గుమ్మంలోంచి చూసి లోపలికి వెళ్లిపోయింది.

ఇరవై మూడేళ్లకి మొదటిసారి తాడు పట్టుకున్నాను. ఉప్పుకి బిరుసెక్కిన తాడు అరచేతుల్ని కోసేస్తుంది. కేక నువ్వే వెయ్యమన్నాడు. సిగ్గుగా వేశాను. లాగితే తాడు తేలిగ్గా వచ్చింది. రెండు చేతులూ చాపినంత పొడుగు తాడుని మేము బార అంటాం. రెండు బారలు నా వెనక్కి వచ్చాక మళ్లీ కేక వేశాను. రానురాను ఆయన బిగబట్టాడు. బార రావడానికి రెండింతల సేపు పట్టింది. ఆత్రం కొద్దీ మధ్యలో కేక వేశాను. ఆయన ఒక్క అంగుళం కూడా రాలేదు. నా కేక ఊరికే గాల్లో పోయింది, నా మోచేతులు లాగేశాయి. అప్పుడు తెలిసింది. కేక వేసేవాడు కాలాన్ని చూడడు. ఎంతసేపైందో అతనికి అక్కర్లేదు. ఎన్ని బారలు వెనక్కి వచ్చాయో అదొక్కటే అతని లెక్క. తాడు వచ్చిన మేరకే పాట ముందుకి జరుగుతుంది.

చేతులు బొబ్బలెక్కి, తాడు కింద పడేసి, ఇసుకలోనే కూర్చుండిపోయాను. నాన్న కంగారుపడి దగ్గరికొచ్చాడు. నేను నవ్వుతున్నాను. బందరులో నా ప్రోగ్రాం చేస్తున్న తప్పు నా కళ్లకి కట్టినట్టు కనబడుతోంది.

అదేమిటంటే, నేను పెట్టిన గడియారం పెట్టె గోడ గడియారాన్ని, అంటే బయట నడిచే మన కాలాన్ని చూస్తుంది. అప్పటికప్పుడు వినిపించేటప్పుడు గోడ మీద నాలుగు సెకన్లంటే పాటలోనూ నాలుగే, అందుకే తప్పు బయటపడలేదు. కానీ వండి పెట్టేటప్పుడు ఆ రెండింటికీ సంబంధం తెగిపోతుంది. బందరు సిస్టమ్ నాలుగు సెకన్లు చెమటోడిస్తే పాట ఒక్క సెకను తయారవుతుంది. గోడ మీద నాలుగు అయ్యాయని నా పెట్టె కేక వేయించేది. అక్కడ తాడు ఒక్క బార కూడా రాలేదు. గుడివాడ సిస్టమ్ చురుకు కాబట్టి అదే నాలుగు సెకన్లలో రెండు సెకన్ల పాట తయారయ్యేది. అందుకే కేకలు కాస్త ఎడంగా పడ్డాయి. యంత్రానికి వైరసూ లేదు, దయ్యమూ లేదు. నేనే రాటకి తాడు కట్టి, గడియారం చూసి అరిపించాను. తాడు ముట్టుకోనివ్వకుండా పెంచిన ఆడపిల్ల తప్ప మా రేవులో ఇంకెవరూ ఆ తప్పు చెయ్యరు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి బందరు వెళ్లాను. సూచనలు మళ్లీ చదివితే అంతా అందులోనే ఉంది. ఆ ప్రోగ్రాం శబ్దాన్ని చిన్న చిన్న చుక్కలుగా కొలిచి, అరవై నాలుగేసి చుక్కల ముక్కలుగా తయారుచేస్తుంది. ఒక ముక్క పూర్తయ్యాకే దాని సొంత కాలం ఒక అడుగు ముందుకి వేస్తుంది. ముక్క తయారుకావడానికి గంట పట్టినా దాని లెక్కలో అది అదే అడుగు. ఆ సొంత కాలాన్ని చూసే పెట్టె వేరే ఉంది. రెండు పెట్టెలూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, పక్కపక్కనే ఉంటాయి. గోడ గడియారం పెట్టె తీసేసి ఇది పెట్టాను. నాలుగు సెకన్ల లెక్క కూడా తీసేసి బారలు పెట్టాను. మొదట తాడు తేలిక, వల రెక్కలు అందే చోట బరువు, చేపలున్న సంచి గట్టుకి తగిలాక మరీ బరువు. రెండు బారలు వస్తేనే కేకకి కబురు వెళ్లేలా తీగలు మళ్లీ లాగాను. బొబ్బలెక్కిన వేళ్లతో మౌస్ పట్టుకోవడం కష్టంగా ఉండేది, అది కూడా హాయిగానే ఉంది.

మళ్లీ ఇరవై నాలుగు నిమిషాలు. ఈసారి భయం లేదు. ఆ ఫైల్ని సీడీలో పట్టుకుని గుడివాడ వెళ్లి వండితే అక్కడ మళ్లీ పన్నెండు. రెండు ఫైళ్లనీ పోల్చి చూసే కమాండ్ ఇచ్చాను. తేడా ఏమీ లేదని వచ్చింది. ఒక్క చుక్క కూడా. ఇప్పుడు నా ఫోను అదే పని కాఫీ చల్లారే లోపు చేసేస్తుంది. అయినా ఆ ల్యాబ్‌లో ఆ ఒక్క వాక్యం చూసినప్పటి గర్వం నాకు ఆ తర్వాత ఏ ఉద్యోగంలోనూ, ఏ జీతంలోనూ రాలేదు. చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు, ఆ రోజు నేను ఎవరి దగ్గరా కొనలేనిది ఒకటి చేశాను.

పరీక్ష రోజున ఎగ్జామినర్‌గా వచ్చినాయన సన్నగా, కాస్త చిరాగ్గా ఉన్నారు. అప్పటికే మూడు హాస్పిటల్ మేనేజ్‌మెంట్లు చూసి ఉన్నారు పాపం. నాది పెట్టాను. ఆరు నిమిషాలూ కదలకుండా విన్నారు. మా సారు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పాట అయ్యాక ఎగ్జామినర్ అందరినీ అడిగే ప్రశ్నే అడిగారు, నువ్వే చేశావా అని. నేనేనండి అన్నాను. అయితే వలలో చేప మామూలు కన్నా ఎక్కువ పడిందనుకో, పాట ఏమవుతుందో వినిపించు అన్నారు.

ఆ ప్రశ్న విని నాకు ఆయన మీద గౌరవం కలిగింది. సంచి బరువు చెప్పే పెట్టెలో అంకె పెంచాను. ఒక్క నిమిషం పాట వండమన్నాను. అక్కడి సిస్టమ్‌కి రెండు నిమిషాల పని. తెర మీద నల్ల కిటికీ ఒక్కటే. మా సారు చేతి గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు. చూసి, ఎగ్జామినర్ మొహం చూసి, మళ్లీ చూసుకున్నాడు. ఇంత నెమ్మదిగా చేస్తే పాట నెమ్మదించిపోదా అని ఎగ్జామినర్ నన్ను అడిగారు.

"లేదండి. ఎంతసేపు పట్టిందో పాటకి తెలియదు. తాడు ఎంత వచ్చిందో అంతే తెలుసు," అన్నాను.

ఫైలు నొక్కాను. నాన్న కేక వేశాడు. జట్లు జవాబు చెప్పాయి. తర్వాతి కేక వెంటనే రాలేదు. నలభై మంది బిగబట్టి, దమ్ము పట్టి, రెండు బారలు లాక్కున్నాకే వచ్చింది. ఆ ఆలస్యంలో బరువు వినపడింది. ఎగ్జామినర్ మా సారు వైపు తిరిగారు. "ఇది కొనుక్కొచ్చింది కాదండీ," అన్నారు. అంతే అన్నారు. మా సారు ఆ రోజు నుంచి ప్రతి బ్యాచ్‌కీ నా గురించి తనే నేర్పినట్టు చెప్పేవాడని తర్వాత విన్నాను. చెప్పుకోనివ్వండి, సంతకం పెట్టింది ఆయనే కదా.

ఫస్ట్ క్లాసు వచ్చిందని తెలిసిన వారం ఊరెళ్లాను. పొద్దున్నే వల దించారు. నేను ఎప్పట్లాగే ఇసుకదిబ్బ మీద కూర్చున్నాను. వల ఒడ్డుకి చేరాక, చేపలు కుప్పలు పెట్టేముందు, నాన్న టేప్‌రికార్డర్ తెమ్మన్నాడు. తడి బట్టలతో పద్దెనిమిది మందీ చుట్టూ నిలబడి విన్నారు. మొదట నవ్వులు. నవ్వింది ఆ ఆరుగురూ, వాళ్ల గొంతులు గుర్తుపట్టి. సంచి గట్టుకి తగిలే చోట నవ్వులు ఆగిపోయాయి. జట్టు పెద్ద కుడి కాలు వెనక్కి వేసి ఇసుకలో తన్ని పెట్టుకున్నాడు, లాగేటప్పుడు పెట్టుకున్నట్టే. అది చూసి నాకు ఎగ్జామినర్ మెప్పు చాలా చిన్నదిగా తోచింది.

తర్వాత ఎవరి పనిలో వాళ్లు పడ్డారు. జట్టు పెద్ద కుప్పలు పెట్టాడు. మామూలుగా నాన్న కుప్ప పక్కన పాటకి ఇంకో చిన్న కుప్ప పడుతుంది. ఆ రోజు నాన్న కుప్ప పక్కన ఏమీ లేదు. చిన్న కుప్ప ఒకటి విడిగా, చివర్న ఉంది. కవళ్లు, నాలుగు కానాగంతలు, పైన ఒక చందువ. ఎవరిదిది అని జట్టులో ఒకతను అడిగాడు. పాట చెప్పినోళ్లది అన్నాడు పెద్దాయన, నా వైపు చూడకుండా. ఆ అడిగినతను ఊరుకోలేదు. పాట బాగుంది కాదనను, కానీ మన రేవులో తాడు పట్టనివాళ్లకి ఎన్నడైనా కుప్ప పెట్టామా అన్నాడు. అతను అన్నదాంట్లో తప్పు లేదు. నేనైనా అదే అడిగేదాన్ని.

పెరట్లో జరిగింది మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు. అది బయటపడితే నలుగురూ నాలుగు రకాలుగా అంటారని తెలిసే ఆ రోజు నాన్న ముందు వీధి గుమ్మం వైపు చూశాడు. ఆయన తల గుడ్డ విప్పి, మొహం తుడుచుకుని, నా దగ్గరికొచ్చి నా కుడి చెయ్యి పట్టుకుని అరచెయ్యి పైకి తిప్పాడు. బొబ్బలు మాని గట్టిపడిన మచ్చలు ఉన్నాయి, వాళ్లందరి చేతుల్లో ఉండే చోటే.

"పట్టింది," అన్నాడు. "నేనే పట్టించా."

ఆ అడిగినతను నా అరచెయ్యి చూశాడు. తర్వాత వంగి, మా అమ్మ తెచ్చిన బుట్ట అందుకుని, ఆ కుప్పని తనే అందులోకి ఎత్తి నా ముందు పెట్టాడు.